చలికాలపు సాధన – మూడవ పాఠం: పక్క దిగి గుమ్మం దాటేవరకు

గత రెండు పాఠాల్లో చలికాలానికి తగిన దుస్తులను ఎంచుకోవడం, పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కించి వారాల ప్రణాళిక వేసుకోవడం నేర్చుకున్నాం. ఆ రెండూ ఒకసారి కూర్చుని పూర్తిచేయగలిగిన పనులు. ఈ పాఠంలో నేర్చుకోబోయేది ప్రతి రోజూ మళ్లీ మొదటి నుంచి చేయవలసిన పని. ప్రణాళిక గోడ మీద ఉంటుంది, బట్టలు సిద్ధంగా ఉంటాయి, ఒంట్లో ఏ నొప్పీ ఉండదు. అయినా చీకటి విడవని ఉదయాన దుప్పటి తీయబుద్ధి కాదు. మారథాన్‌కో, ట్రయథ్లాన్‌కో, దూరపు సైకిల్ పోటీకో సిద్ధమయ్యేవారి సాధన చలికాలంలో తెగిందంటే చాలావరకు పక్కకూ వీధి గుమ్మానికీ మధ్యనే తెగుతుందని నా నమ్మకం. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ కాస్త దూరం గురించే.

వాతావరణం అనుకూలంగా ఉన్న నెలల్లో ఉత్సాహం ముందు వస్తుంది, మనం దాని వెంట బయలుదేరుతాం. చలికాలంలో ఈ వరుస తిరగబడుతుంది. ముందు బయలుదేరాలి, పది నిమిషాలు గడిచి, కండరాలు వేడెక్కి, ఊపిరి ఒక లయలో పడ్డాక ఉత్సాహం దారిలో వచ్చి కలుస్తుంది. అందువల్ల బయలుదేరడమనే పనిని ఆ నిమిషపు మనఃస్థితి మీద ఆధారపడకుండా ఏర్పాటు చేసుకోవడమే ఈ పాఠంలో మనం అలవరచుకోవలసిన నైపుణ్యం.

లేవలేకపోయినందుకు బద్ధకమని తిట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అందులో శరీర ధర్మం పాలు చాలా ఉంది. తెల్లవారుజామున శరీరపు లోపలి ఉష్ణోగ్రత రోజు మొత్తంలోకెల్లా తక్కువగా ఉంటుంది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోను కంటికి తగినంత వెలుతురు సోకితేనే త్వరగా తగ్గుముఖం పడుతుంది. చలికాలంలో లేచే వేళకు సూర్యుడే ఉండడు. ఇళ్లలో మామూలు దీపాల వెలుతురు కొన్ని వందల లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. చలికాలంలో వచ్చే మానసిక కుంగుబాటుకు చికిత్సగా వాడే దీపాలు 10,000 లక్స్ వరకు ఉంటాయంటే ఆ తేడా ఎంతో ఊహించవచ్చు. మేఘాలు కమ్మిన పగలు కూడా ఆరుబయట వెలుతురు గది వెలుతురుకు ఎన్నో రెట్లుంటుంది. అందుచేత అలారం మోగిన వెంటనే చేయవలసిన మొదటి పని గదిలో ఉన్న దీపాలన్నీ వెలిగించడం. మధ్యాహ్నం అరగంట ఖాళీ దొరికేవారు వారంలో రెండు సాధనలనైనా ఆ వేళకు మార్చుకోవాలని నా గట్టి సలహా. దిగులు, అలసట, నిద్రమత్తు రెండు వారాలకు పైగా వదలకుండా పట్టుకుంటే దాన్ని సాధన సమస్యగా చూడకుండా వైద్యుణ్ణి కలవాలి.

ఇక రెండో విషయానికి వద్దాం. చలికాలంలో ఎంత చేస్తే చాలు? ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలియకపోవడం వల్లే చాలామంది, వేసుకున్న ప్రణాళిక పూర్తిగా సాగనప్పుడు, మొత్తంగా మానేస్తారు. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం ప్రచురించిన పరిశోధనలో బాగా సాధన చేసిన క్రీడాకారులు పూర్తిగా ఆపేసినప్పుడు, శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్‌ను వాడుకోగల సామర్థ్యం, అంటే వీఓటూ మ్యాక్స్, మొదటి 21 రోజుల్లో 7 శాతం పడిపోయింది. 56 రోజులు గడిచేసరికి 16 శాతం తగ్గి అక్కడ నిలిచింది. ఇది ఆపేస్తే జరిగేది. తగ్గించుకుంటే జరిగేది వేరు. రాబర్ట్ హిక్సన్, ఆయన సహచరులు 1980లలో వరుసగా చేసిన ప్రయోగాల్లో కొందరిచేత వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున 10 వారాలు గట్టి సాధన చేయించి, ఆ తర్వాత 15 వారాలపాటు ఒక్కో బృందానికి ఒక్కొక్క అంశాన్నే తగ్గించారు. రోజుల సంఖ్యను 6 నుంచి 4కు గానీ 2కు గానీ తగ్గించినా వీఓటూ మ్యాక్స్ నిలిచింది. నిమిషాలను 40 నుంచి 26కు గానీ 13కు గానీ కుదించినా నిలిచింది. 13 నిమిషాలవారిలో మాత్రం ఎక్కువసేపు శ్రమను భరించే శక్తి కొంత తగ్గింది. కానీ రోజులూ నిమిషాలూ అలాగే ఉంచి తీవ్రతను మూడోవంతు తగ్గించగానే వీఓటూ మ్యాక్స్ కూడా దిగజారింది.

ఈ ఫలితాలను మన భాషలో చెప్పుకుంటే, తీరిక లేని వారంలో కోత పెట్టవలసింది రోజులకూ నిమిషాలకూ. గట్టిగా ఊపిరి తీయించే ఆ కొద్దిపాటి పనికి మాత్రం కోత పెట్టకూడదు. బాగా వార్మప్ చేసి, మూడేసి నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు వేగంగా పరుగెత్తి, మధ్యలో తేలికగా నడిచే అరగంట సాధన వారానికి రెండుసార్లు చేసినవారు వసంతానికి దాదాపు చెక్కుచెదరని గుండె, ఊపిరితిత్తులతో చేరుకోగలరు. అరగంట అనే మాట వినగానే దుప్పటి కొంత తేలికవుతుంది. గంటన్నర పరుగు అనుకుంటూ మేలుకున్నవారికీ అరగంటే అనుకుంటూ మేలుకున్నవారికీ మంచం దిగడంలో ఉన్న తేడాను తక్కువగా అంచనా వేయకండి.

అయితే ప్రతి చలికాలమూ ఇలా ఉన్న సామర్థ్యాన్ని నిలబెట్టుకునే చలికాలం కానక్కర్లేదు. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన పరుగువీరులచేత, వారిది ఎంత తక్కువ దూరపు పోటీ అయినా సరే, పునాది దశలో వారానికి దాదాపు 160 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. ఆదివారాల్లో వైటాకెరె కొండదారుల్లో 35 కిలోమీటర్ల పరుగు ఉండేది. గడియారంతో పోటీపడే పని తర్వాతి దశది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణ పతకాలు గెలిచారు. సమయమూ శరీరమూ అనుకూలించినవారికి ఇది పునాది వేసే చలికాలం. ఈ సంవత్సరం మీది ఏ చలికాలమో ఇప్పుడే తేల్చుకుని ప్రణాళిక కాగితం పైభాగాన రాసుకోవాలి. పునాది వేస్తానని మొదలుపెట్టి, ఉద్యోగమూ ఇల్లూ వదలక నెల తిరగకుండానే నిలబెట్టుకోవడానికి దిగినవారు తాము ఓడిపోయామనుకుంటారు. మొదటి రోజే నిలబెట్టుకునే చలికాలమని రాసుకున్నవారు అంతే సాధన చేసి తృప్తిగా ఉంటారు.

ఇప్పుడు అసలు అభ్యాసం. నిర్ణయం ఉదయం తీసుకోకూడదు, ముందురోజు రాత్రే తీసుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ పద్ధతిని విస్తృతంగా పరిశోధించారు: ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తానో ఒక్క వాక్యంలో ముందే కట్టుకున్నవారు ఆ పనిని చేసే అవకాశం బాగా పెరుగుతుంది. 2002లో సారా మిల్నే బృందం విద్యార్థులపై చేసిన పరిశోధనలో, ఫలానా రోజు ఫలానా చోట ఫలానా వేళకు అని రాసుకున్నవారిలో 91 శాతం మంది ఆ వారం వ్యాయామం చేయగా, అలా రాసుకోనివారిలో చేసినవారు 35 నుంచి 38 శాతమే. వ్యాయామం ఎంత మంచిదో చదివించడం ఒక్కటే ఏ మార్పూ తేలేదని కూడా అందులో తేలింది, కనుక స్ఫూర్తిదాయకమైన వీడియోలతో రాత్రిళ్లు గడపడంకన్నా ఒక్క వాక్యం రాసుకుని త్వరగా పడుకోవడం మేలు.

ఆ వాక్యం ఎలా ఉండాలో చూడండి. "రేపు తప్పకుండా పరుగెత్తాలి" అన్నది కోరిక మాత్రమే. "రేపు 5:45కు అలారం మోగగానే దీపం వేసి, పక్కనున్న బట్టలు తొడుక్కుని, చెరువు గట్టు దాకా వెళ్లి వస్తాను" అన్నది పనికొచ్చే వాక్యం, ఎందుకంటే అందులో ఉదయం ఆలోచించవలసింది ఏమీ మిగలలేదు. దానికి జతగా అడ్డంకి వాక్యం ఒకటి రాయాలి: "వాన పడుతుంటే అదే వేళకు ఇంట్లో ట్రైనర్ మీద సైకిల్ తొక్కుతాను." (ట్రైనర్ అంటే సైకిల్‌ను ఉన్నచోటే నిలిపి తొక్కనిచ్చే పరికరం.) చలికాలంలో రెండో వాక్యం లేని మొదటి వాక్యం సగమే.

వాక్యం రాశాక వస్తువులు సర్దాలి, అదీ తొడుక్కునే వరుసలో. లోపలి పొర అన్నిటికన్నా పైన, దాని కింద పైజామా, దాని కింద గాలిని ఆపే జాకెట్. మేజోళ్లు విడివిడిగా బూట్లలో, చేతి తొడుగులు టోపీలో, చార్జింగ్ నిండిన తలదీపం తలుపు గొళ్లెం దగ్గర. లోపలి పొరను రాత్రి దిండు పక్కనే పెట్టుకోవడం మరీ మంచిది. చల్లని గదిలో చల్లటి బట్ట ఒంటికి తగిలే ఆ ఒక్క క్షణమే చాలామందిని వెనక్కి పడుకోబెడుతుంది. దిండు వెచ్చదనం తగిలిన బట్టను దుప్పటిలోనే తొడుక్కోవచ్చు. ఫోను మాత్రం మంచానికి చేయి అందనంత దూరంలో ఉండాలి. వాతావరణం చూద్దామని దాన్ని తెరిచినవారు ఉష్ణోగ్రత అంకెను చూస్తారు, ఆ అంకెతో వాదన మొదలవుతుంది. ఆ వాదనలో పక్కే గెలుస్తుంది. వాతావరణం రాత్రే చూసి వాక్యంలో కలుపుకోవాలి.

గుమ్మం దాటే ముందు ఇంట్లోనే ఐదు నిమిషాలు మడమలు ఎత్తి దించుతూ, గుంజీలు తీస్తూ, భుజాలు తిప్పుతూ ఒంట్లో కొంత వేడి పుట్టించండి. బయటికి వచ్చినప్పుడు కాస్త చలిగా అనిపించేలానే దుస్తులుండాలి, ఎందుకంటే పది నిమిషాల్లో కండరాలే కొలిమిలా పనిచేయడం మొదలుపెడతాయి. అప్పటివరకు ఒకే షరతు: పది నిమిషాలు కదులుతూనే ఉండాలి. పదో నిమిషం దాటాక కూడా మనసు ఇంటికే లాగుతుంటే నిస్సంకోచంగా వెనక్కి తిరగవచ్చు, ఆ రోజును చేసిన రోజుగానే లెక్కించవచ్చు. ఈ అనుమతి నిజమైనదిగా ఉండాలి. వెనక్కి తిరిగినందుకు తనను తాను శిక్షించుకునేవారి మనసు మర్నాడు ఈ ఒప్పందాన్ని నమ్మదు.

కొన్ని రోజులు పది నిమిషాలు కూడా బయటికి వెళ్లకూడదు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో పట్టేసిన దగ్గు ఉంటే సాధన లేదు. దారి మీద మంచు గాజులా గడ్డకట్టినప్పుడు లేదు. గాలి వేగాన్ని కలుపుకుని లెక్కించిన చలి −27 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే కప్పుకోని చర్మం అరగంటలోపే గడ్డకట్టే ప్రమాదముంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు చల్లటి పొడిగాలిలో గట్టి సాధన చేసే ముందు వైద్యుణ్ణి అడగాలి. ఈ గీతలను ముందే గీసుకోవడం పట్టుదలలో భాగమే. ఏ రోజు మానాలో స్పష్టంగా తెలిసినవారికి మిగతా రోజుల్లో సందేహం ఉండదు.

ఇంట్లో చేసే సాధనను చిన్నచూపు చూడకండి. 1985లో లండన్ మారథాన్‌ను 2 గంటల 21 నిమిషాల 6 సెకన్లలో ముగించి, 1998 వరకు నిలిచిన ప్రపంచ రికార్డు నెలకొల్పిన నార్వే క్రీడాకారిణి ఇంగ్రిడ్ క్రిస్టియాన్‌సెన్ చలికాలపు సాధనలో ట్రెడ్‌మిల్‌ను బాగా వాడుకున్నారు. సైకిల్ తొక్కేటప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడొంతులు వేడిగా మారుతుంది. బయట గాలి ఆ వేడిని తీసుకుపోతుంది, గదిలో తీసుకుపోయేదేదీ లేదు. ఇండోర్ ట్రైనర్ మీద త్వరగా విసుగొస్తోందని చెప్పేవారు ముందుగా ఎదురుగా ఒక పెద్ద ఫ్యాను పెట్టి చూడాలి. వారు విసుగు అనుకునేది చాలాసార్లు ఉక్కపోతే. ఇష్టమైన ఆడియో నవలను సాధన వేళల్లో మాత్రమే వినాలనే నియమం కూడా పనిచేస్తుంది. కేటీ మిల్క్‌మన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో అలాంటి నియమం ఉన్నవారు మొదట్లో జిమ్‌కు 51 శాతం ఎక్కువసార్లు వెళ్లారు. సెలవులు రాగానే ఆ ప్రభావం సన్నగిల్లింది. కాబట్టి ప్రయాణాలూ పండుగలూ ముగిసిన మర్నాటికి కొత్త వాక్యం, కొత్త నవల సిద్ధం చేసుకోవాలి.

తోడు దొరికితే వదులుకోకండి. చీకట్లో మూల మీద ఒకరు మన కోసం నిలబడి ఉన్నారన్న ఎరుక ఏ అలారం కన్నా బలమైనది.

ఒకటి రెండు రోజులు తప్పినంత మాత్రాన కంగారు వద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులు, మరికొందరికి 254; మధ్యస్థ విలువ 66. మధ్యలో ఒక్క అవకాశం తప్పడం వల్ల అలవాటు ఏర్పడే తీరుకు చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ఒక్కరోజు కూడా తప్పని వరుస కోసం తాపత్రయపడేవారికి ఆ వరుస తెగిన నాడు మొత్తం సాధనే తెగినట్టు తోస్తుంది. అందువల్ల వరుసను కాకుండా వారంలో ఎన్నిసార్లు గుమ్మం దాటారో లెక్కపెట్టమంటాను. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్కను వసంతం దాకా పక్కన పెట్టండి. బరువైన దుస్తులు, తడి దారి, చీకట్లో జాగ్రత్తగా వేసే అడుగు, ఇవన్నీ వేగాన్ని తగ్గిస్తాయి. ఆ అంకెలు మీ దేహ దారుఢ్యాన్ని సరిగా చెప్పవు.

ఈ వారం అభ్యాసం

మొదటి రాత్రి మీది నిలబెట్టుకునే చలికాలమో పునాది వేసే చలికాలమో తేల్చి రాయండి. ఆ తర్వాత ప్రతి సాధనకు ముందురోజు రాత్రి రెండు వాక్యాలు రాసి, వస్తువులను వరుసలో సర్దండి. ఉదయం తిరిగి వచ్చాక, చెమట ఆరకముందే, అదే కాగితం మీద రెండు విషయాలు నమోదు చేయండి: అలారం మోగినప్పటి నుంచి గుమ్మం దాటేవరకు ఎన్ని నిమిషాలు పట్టింది, పదో నిమిషం దగ్గర ఎలా అనిపించింది. వెనక్కి తిరిగిన రోజులనూ, బయటికి వెళ్లకూడని రోజులనూ కారణంతో సహా రాయండి. ఆలస్యం ఏ వస్తువు దగ్గర జరుగుతోందో మూడు నాలుగు సాధనలకే బయటపడుతుంది. దాన్ని వెంటనే సరిచేయండి. నాలుగవ పాఠంలో ఈ కాగితాన్ని ముందు పెట్టుకుని, వారంలోని రెండు గట్టి సాధనలను ఏ రోజుల్లో ఉంచాలో, వాటి మధ్య ఎంత విశ్రాంతి ఇవ్వాలో నిర్ణయిద్దాం.