చదివిన వాక్యానికి ఆ రోజే లోబడడం ఎలా?

మన సంఘాల్లో బైబిలు వాక్యం వినేవాళ్లకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహ కూడిక, రాత్రి పడుకోబోయే ముందు యూట్యూబ్‌లో ఇంకో ప్రసంగం. ఇంత విన్నాక సోమవారం ఇంట్లో, ఆఫీసులో ఏం మారిందని అడిగితే చాలామంది తల దించుకుంటారు. దేవుణ్ని నమ్మాలని, లోబడాలని అందరూ చెప్తారు. ఆ పని పొద్దున్న ఎక్కడ మొదలుపెట్టి సాయంత్రానికి ఎక్కడ ముగించాలో చెప్పేవాళ్లు తక్కువ. గృహ కూడికల్లో కొత్త విశ్వాసులకు నేను ఏళ్లుగా నేర్పిస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి: బైబిలు, నోటుబుక్కు, పెన్ను, పొద్దున్నే ఒక అరగంట. బైబిలు పుస్తకమే అయ్యుండాలి, ఫోన్‌లో యాప్ పనికిరాదు. చదువుతుండగా వాట్సాప్ మెసేజ్ కనిపిస్తే ఎంత భక్తిపరుడికైనా మనసు అటే పోతుంది. ఫోను పక్క గదిలో పెట్టి రండి.

1. వరుసగా చదవండి

ఒక పుస్తకం పట్టుకుంటే అది అయిపోయేదాకా రోజుకో అధ్యాయం. కొత్తవాళ్లు మత్తయి సువార్తతో మొదలుపెట్టాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు ఎక్కడ పడితే అదే దేవుడు ఈ రోజు నాతో చెప్పిన మాట అనుకోవడం మానేయండి.

వాగ్దానపు కార్డుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాది కోసం జరిగే వాచ్ నైట్ కూడికలో ఒక వాగ్దాన వచనం రాసిన కార్డు తీసుకుని ఇంటికెళ్లి గోడకు అంటించి, ఏడాదంతా అదే చూస్తూ గడిపేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. యిర్మీయా 29:11 వచ్చినవాళ్ల సంతోషం చెప్పనక్కర్లేదు. మన గురించి దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనే మాట అది. ఆ మాట నిజం. అయితే అది బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. 10వ వచనంలో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. 5 నుంచి 7 వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల్ని కనండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని పనులు అప్పగించాడు. కార్డు మీద వాగ్దానం ఒక్కటే వస్తుంది, దానితో ఇచ్చిన పని రాదు. అందుకే అధ్యాయం మొత్తం చదవమంటున్నాను.

2. ఒక్క వాక్యం రాయండి

చదివినదాంట్లో ఈ రోజు నేను చేయాల్సింది ఏంటో నోటుబుక్కులో ఒక్క వాక్యంగా రాయాలి. అందులో మనిషి పేరు, చేయాల్సిన పని, టైము మూడూ ఉండాలి. "అందరితో ప్రేమగా ఉంటాను" అని రాస్తే నేను ఒప్పుకోను. సాయంత్రం చూసుకుంటే అది జరిగిందో లేదో మీకే తెలియదు.

మత్తయి 5:23, 24 చదివారనుకోండి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. నోటుబుక్కులో ఇలా రావాలి: "పొలం పంపకాలప్పుడు అన్నయ్యను అన్న మాటకు మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను."

3. ఆ రోజే చేసేయండి

వాక్యం స్పష్టంగా చెప్పినదాని కోసం "ప్రార్థనలో పెడతాను" అనకండి. బలం కోసం ప్రార్థించండి, రెండు నిమిషాలు చాలు. చేయాలా వద్దా అని మళ్లీ అడగొద్దు, సూచన చూపించమని అంతకన్నా అడగొద్దు. గిద్యోను యుద్ధానికి వెళ్లేముందు గొర్రెబొచ్చు నేల మీద పెట్టి, మంచు దాని మీదే పడాలని దేవుణ్ని సూచన అడిగాడు కదా అంటారు. న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొదటి నుంచి చదవండి. 14వ వచనంలోనే దేవుడు అతన్ని వెళ్లమన్నాడు. గొర్రెబొచ్చు సంగతి 36వ వచనంలో వస్తుంది. దేవుడు అతని భయాన్ని ఓర్చుకున్నాడు. మనకు అది మాదిరి కాదు.

కూలివాడి డబ్బు ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్తుంది. మీ ఇంట్లో పనిచేసే మనిషి జీతం ఆపి, ఆ డబ్బు కానుకగా వేస్తే లోబడినట్టు కాదు.

ఫోన్ చేసినప్పుడు మాట చిన్నగా ఉండాలి. "అన్నయ్యా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. క్షమించు." అంతే. నువ్వు కూడా అలా అన్నావు కదా, వదిన కూడా కలగజేసుకుంది కదా అని ఇంకో ముక్క కలిపితే చేసిన పని అక్కడే చెడిపోతుంది.

4. ఫలితం మీద చెయ్యి వేయకండి

అందరూ పాడుచేసేది ఇక్కడే. పై మూడూ బాగా చేసినవాళ్లు కూడా ఇక్కడ తప్పిపోతారు. లోబడడం మన వంతు, ఆ తర్వాత జరిగేది దేవుని వంతు. నమ్మకం అనేది సరిగ్గా ఈ మధ్య సమయంలో బయటపడుతుంది.

అన్నయ్య "సరేలే" అని ఫోన్ పెట్టేశాడు. రాత్రి దాకా తిరిగి ఫోన్ రాలేదు. మీకు టెన్షన్ మొదలవుతుంది. వాట్సాప్‌లో బ్లూ టిక్ వచ్చిందా అని చూస్తారు. వదినకు ఫోన్ చేసి ఏమన్నాడని ఆరా తీస్తారు. మేనమామను మధ్యలోకి దింపుతారు. ప్రేయర్ గ్రూపులో పేరు చెప్పకుండా అందరికీ తెలిసేలా ప్రార్థన మనవి పెడతారు. వీటిలో ఏది చేసినా దేవుని చేతిలో పెట్టినదాన్ని మళ్లీ లాక్కున్నట్టే.

ఇశ్రాయేలు రాజు సౌలు చేసింది ఇదే. బలి అర్పించడానికి తాను వచ్చేదాకా గిల్గాలులో ఏడు రోజులు ఆగమని సమూయేలు ప్రవక్త అతనికి చెప్పాడు. సౌలు ఏడు రోజులూ ఆగాడు కూడా. ఒకపక్క ఫిలిష్తీయుల సైన్యం, ఇంకోపక్క జనం చెదిరిపోతున్నారు, సమూయేలు జాడ లేదు. చివరికి తానే దహనబలి అర్పించాడు. అది ముగిసిన వెంటనే సమూయేలు వచ్చాడు (1 సమూయేలు 13). చేసింది పాపిష్టి పనిలా కనిపించదు, దేవునికి బలి అర్పించాడు. మన తొందర కూడా చాలాసార్లు భక్తి రూపంలోనే వస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

మరి ఆ సమయంలో ఏం చేయాలి? ఆ రోజు పనులు చేసుకోండి. వంట, ఆఫీసు, పిల్లల హోంవర్కు. విషయం ఒక్కరికే చెప్పండి, నోరు అదుపులో ఉన్న ఒక్కరికి. దేవునికి గడువు పెట్టకండి. "ఆదివారంలోపు అన్నయ్య మాట్లాడితేనే" అనే ప్రార్థన బేరం అవుతుంది. తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని బబులోను రాజు బెదిరిస్తే షద్రకు, మేషాకు, అబేద్నెగో మా దేవుడు రక్షించగలడన్నారు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ రెండో మాట కూడా మన ప్రార్థనలో ఉండాలి. అన్నయ్య ఎప్పటికీ మాట్లాడకపోవచ్చు. మీరు లోబడింది దేవునికి, ఆ లెక్క అక్కడ సరిపోయింది.

ఫలితం మీద చెయ్యి వేయొద్దు అన్నానని మందులు మానేసేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. జబ్బుపడిన హిజ్కియా రాజుకు దేవుడు స్వస్థత మాట ఇచ్చాడు, పదిహేనేళ్ల ఆయుష్షు కూడా చేర్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7). షుగర్ మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ఇంకో మాట. ఇంట్లో దెబ్బలు తింటున్న అమ్మాయికి ఈ మెట్టు చూపించి "దేవుని మీద వదిలెయ్యి, లోబడి ఉండు" అని చెప్పకండి. ఆమెను ముందు క్షేమమైన చోటికి చేర్చండి. పోలీసుల దగ్గరకు వెళ్తానంటే తోడు వెళ్లండి. భర్త చేసే హింసకు లోబడమని ఏ వాక్యమూ ఆమెకు చెప్పలేదు. అలా చెప్పే పెద్దలు ఎదురైతే వాళ్ల మాట వినక్కర్లేదు.

5. రాత్రి నోటుబుక్కు తెరవండి

పొద్దున రాసిన వాక్యం పక్కన "చేశాను" లేదా "చేయలేదు" అని రాయండి. వివరణలు వద్దు. చేశాను అని రాసిన రోజు దాన్ని సంఘంలో అందరి ముందూ సాక్ష్యంగా చెప్పాలని ఆత్రపడకండి, కనీసం కొన్ని నెలలు మీ దగ్గరే ఉంచుకోండి. చేయలేదు అని రాస్తే మర్నాడు కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి. అదే అధ్యాయం మళ్లీ చదివి, అదే వాక్యం మళ్లీ రాసి, టైము మాత్రం ఇంకా ముందుకు జరపండి. మధ్యాహ్నం రెండింటికి కుదరకపోతే పొద్దున్నే, టిఫిన్ కూడా తినకముందే ఫోన్ చేయండి.