ఆ జింక్ స్ట్రిప్పు ఓసారి తిప్పి చూడండి

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. కరోనా తర్వాత మా పెద్దమావయ్య జింక్ మాత్రలు మానలేదు. 50 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మూడేళ్లు. ఇచ్చింది నేనే. తర్వాత్తర్వాత చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియకుండా నడిచేసేవారు. చీకట్లో గోడ పట్టుకోకపోతే అడుగు పడేది కాదు. పార్కిన్సన్ (వణుకుడు జబ్బు) అనుకుని ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీరా చూస్తే ఒంట్లో రాగి (కాపర్) అడుగంటింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునేవన్నీ ఒక పళ్లెంలో పెట్టండి: మల్టీవిటమిన్, టానిక్కు, ఎవరో ఇచ్చిన ‘నరాల బలం’ మాత్ర. కట్టుడు పళ్లకి రాసే పేస్టు కూడా. స్ట్రిప్పు వెనక ‘ఎలిమెంటల్ జింక్’ పక్కన ఉన్న అంకె చూడాలి. జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాముల మాత్రలో అసలు జింక్ 50 మాత్రమే. అన్నీ కూడండి. తిండితో కలిపి పెద్దవాళ్లకి రోజుకి 40 దాటకూడదు. దాటుతూ నెలలు గడిచాయంటే స్ట్రిప్పులన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

జింక్ ఎక్కువైతే పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది రాగిని పట్టేసుకుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగీ మలంలో పోతుంది. రాగి లేకపోతే వెన్నుపాము దెబ్బతిని నడక తూలుతుంది, రక్తం కూడా తగ్గుతుంది. ‘రాగి చెంబులో నీళ్లు తాగితే సరిపోదా బాబూ?’ అని అడుగుతారు. జింక్ మింగుతూనే ఉంటే ఏ చెంబైనా ఒకటే.

కూర్చున్నప్పుడు చెయ్యి వణకడం, పనిలో నిదానం, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగకపోవడం పార్కిన్సన్ వైపు చూపిస్తాయి. పాదాల తిమ్మిరి, కళ్లు మూస్తే తూలడం అయితే రాగి, బి12 చూడాలి. సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), జింక్, సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షలు రాయమని అడగండి.

‘జింక్ మెదడునీ పాడు చేస్తుందటగా?’ అనీ అడుగుతారు. పక్షవాతం వచ్చినప్పుడు మెదడు కణాల మధ్య జింక్ ఒక్కసారిగా బయటికొచ్చి పక్క కణాల్లో దూరి, వాటికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని పాడు చేస్తుంది. అది మెదడులో ముందే ఉన్న జింక్, మనం మింగిన మాత్ర కాదు. అలాగని మాత్ర మింగితే పార్కిన్సన్ తగ్గుతుందనీ నిరూపణ కాలేదు.

ఇది చదివి అందరూ జింక్ ఆపేయకండి. విల్సన్ జబ్బులో రాగి పేరుకుపోయి చేతులు వణుకుతాయి, అక్కడ జింకే మందు. వాళ్లు రాగి చెంబు ముట్టకపోవడమే మంచిది. విరేచనాల పిల్లలకి రాసే 14 రోజుల కోర్సూ పూర్తి చేయాల్సిందే.

మావయ్యకి జింక్ ఆపించి రాగి మాత్రలు ఇచ్చారు. రక్తం కొన్ని వారాల్లో కోలుకుంది. కాళ్ల తిమ్మిరి మాత్రం ఇప్పటికీ సగం అలాగే ఉంది. బజారుకి కర్రతోనే వస్తారు, షాపు మెట్టు దగ్గర నేనే చెయ్యి అందిస్తాను.