చిన్న పిల్లలతో సింగపూర్‌లో తిరగాలంటే: పాలమూరు నుంచి బయల్దేరే అమ్మానాన్నలకు

మా తమ్ముడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తాడు. ఐదేళ్ల బిడ్డను, మూడేళ్లు నిండని కొడుకును వెంటబెట్టుకొని, అత్తమ్మను కూడా తీసుకొని వాడి దగ్గరికి పోయొచ్చాం. అప్పటినుంచి మహబూబ్‌నగర్‌లో మాకు తెలిసినవాళ్లు ఎవరు పిల్లలతో అటు బయల్దేరినా నాకు ఫోన్ చేస్తారు. అందరూ అడిగేది అక్కడ ఏమేం చూడొచ్చని. నేను ముందు చెప్పేది మాత్రం పిల్లల నిద్ర గురించి.

సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునే పిల్లకు అక్కడ ఆ వేళకు పన్నెండవుతుంది. చాలామంది దిగిన మర్నాడే పిల్లల్ని అక్కడి టైమ్‌కు మార్చాలని పొద్దున ఏడింటికి లేపుతారు. పిల్లల ఒంటికి అది తెల్లవారుజామున నాలుగున్నర. ఏడుస్తున్నా స్నానం చేయించి, ఎనిమిదిన్నరకు రైలెక్కిస్తారు. ఆఫీసులకు పోయే జనమంతా రైళ్లలో నిండి ఉండే వేళ సరిగ్గా అదే. వారం, పది రోజుల ప్రయాణమైతే పిల్లల్ని మన టైమ్ మీదే ఉంచండి. తొమ్మిదికో తొమ్మిదిన్నరకో వాళ్లే లేస్తారు. తినిపించి పదిన్నరకు బయటపడితే రద్దీ తగ్గి ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. సాయంత్రం కూడా ఇది కలిసొస్తుంది. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో ఆకాశమంత ఎత్తున్న ఇనుప చెట్ల కింద లైట్ల షో రాత్రి 7.45కు, మళ్లీ 8.45కు ఉంటుంది, టికెట్ లేదు. 8.45 అంటే మన పిల్లలకు సాయంత్రం ఆరుంబావు. హుషారుగా చూస్తారు. తిరుగు ప్రయాణానికి రైళ్లలో రద్దీ కూడా తగ్గుతుంది.

రెండో మాట, రోజుకు ఒక్క చోటు. జూకు పోయిన రోజు జూ ఒక్కటే. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకొని వచ్చాం కదా అని మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం మరోటి పెట్టుకుంటే పిల్లలకు ఏదీ గుర్తుండదు, పెద్దలకు అరుపులే మిగులుతాయి. సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ అనే రైడ్ల పార్కుకు ఐదేళ్లలోపు పిల్లలతో పోవద్దనే నేను చెప్తాను. చాలా రైడ్లకు ఎత్తు నిబంధన ఉంది, గేటు దాకా పోయి వెనక్కి రావాలి. అదే సెంటోసాలో బీచ్ ఉంది, ఇసుక ఉంది, మా కొడుకు అక్కడినుంచి కదలనే లేదు. గార్డెన్స్ బై ద బేలో పిల్లల తోట ఉచితం, నీళ్లలో ఆడుకునే ఏర్పాటు బాగుంటుంది. సోమవారం మాత్రం అది మూసి ఉంటుంది. జూలో కూడా పిల్లలు నీళ్లలో ఆడే చోటుంది. ఏ రోజైనా ఒక జత బట్టలు, ఒక తువ్వాల బ్యాగులో ఉండాల్సిందే.

పోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లల్ని ఒక రోజు హైదరాబాద్ మెట్రో ఎక్కించండి. పాలమూరు బస్సు ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే పక్కనే మెట్రో స్టేషన్. అక్కడ రెండు లైన్లు కలుస్తాయి కాబట్టి ఎస్కలేటర్లు, లిఫ్టులు, రైలు మారడం, తలుపులు పడే చప్పుడు అన్నీ ఒకేచోట అలవాటవుతాయి. సింగపూర్‌లో ఎస్కలేటర్ మీద అందరూ ఎడమ పక్క నిలబడి, కుడి పక్క నడిచేవాళ్లకు వదులుతారు. పిల్లకు ఇది ఇక్కడే నేర్పితే అక్కడ వెనకాల నుంచి తోసుకొచ్చే జనాన్ని చూసి భయపడదు. మెత్తటి రబ్బరు చెప్పులు ఎస్కలేటర్ అంచుల్లో ఇరుక్కుంటాయి, బూట్లు వేయండి. పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి ఉంటే ఎస్కలేటర్ జోలికే పోవద్దు, ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది.

రైలెక్కే వరస కూడా ఇంట్లోనే ఖాయం చేసుకోండి. ముందు ఒక పెద్ద, నడుమ పిల్లలు, ఆఖరున ఇంకో పెద్ద. దిగేటప్పుడూ అంతే. తలుపులు మూసుకునే గంట మోగాక పరుగెత్తొద్దు, కొద్ది నిమిషాల్లో ఇంకో రైలు వస్తుంది. మూడేళ్లలోపు పిల్లలు చంకలోనో, బెల్టు పెట్టిన బండిలోనో ఉండాలి. ఐదేళ్ల పిల్లకు మాత్రం ఏం చేయాలో తనకే తెలిసుండాలి. మా బిడ్డకు నెల ముందునుంచీ రోజూ అన్నం తినిపిస్తూ అడిగేదాన్ని.

"రైలు తలుపు వడ్డది. అమ్మ లోపల, నువ్వు బయట. ఏం జేస్తవ్ బిడ్డా?"

"ఉరుక. ఆడనే నిలవడుత."

"మరి నువ్వు లోపల, అమ్మ బయట?"

"మల్లొచ్చే స్టేషన్ల దిగి ఆడనే నిలవడుత. అమ్మ ఎనక రైల్ల వస్తది."

ఈ రెండు జవాబులు నిద్రలో అడిగినా చెప్పేదాకా వదలొద్దు. పిల్ల ఒకచోట నిలబడితే పెద్దలు వెతికి పట్టుకోగలరు. పిల్ల కూడా వెతకడం మొదలుపెడితేనే కష్టం. ఇంట్లో పెద్దలు కూడా ఇదే మాట మీద ఉండాలి. అత్తమ్మకు కూడా ఇదే చెప్పి ఒప్పించాను, ఆమెకు ఇంగ్లిష్ రాదు కాబట్టి ఆమె చేతికి కూడా నంబర్ కట్టాను.

నంబర్ సంగతి ఇది. కురుమూర్తి జాతరకో, మన్యంకొండకో పోయేటప్పుడు పిల్లల జేబులో ఫోన్ నంబర్ చీటీ పెట్టడం మన దగ్గర ఉన్న అలవాటే. అక్కడ పిల్లలు నీళ్లలో తడుస్తారు, బట్టలు మారుస్తారు, జేబులో చీటీ నిలవదు. చేతికి తడవని బ్యాండు కట్టి, దాని మీద అమ్మ పేరు, అక్కడ తీసుకున్న సిమ్ నంబర్ ఇంగ్లిష్‌లో రాయండి. మన నంబర్ కూడా ఉండాలనుకుంటే ముందు ప్లస్ 91 వేయడం మరవొద్దు. పొద్దున ఇల్లు దాటే ముందు పిల్లలిద్దర్నీ నిలబెట్టి కాళ్ల నుంచి తల దాకా ఒక ఫొటో తీయండి. ఏ రంగు చొక్కా వేశామో కంగారులో గుర్తు రాదు, ఫోన్ తీసి చూపిస్తే చాలు. ఎవరిని అడగాలో కూడా పిల్లకు చెప్పండి: స్టేషన్ గేట్ల దగ్గర అద్దాల గదిలో ఉండే యూనిఫాం వాళ్లను, వాళ్లు కనబడకపోతే చిన్న పిల్లలతో ఉన్న ఏ అమ్మనైనా. పోలీసుకు 999, అంబులెన్సుకు 995.

రైలు టికెట్ల విషయానికి వస్తే, 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు ఏమీ అక్కర్లేదు. అంతకన్నా పొడుగై ఏడేళ్లు నిండనివాళ్లకు కూడా ఉచితమే గానీ వాళ్లకు ప్రత్యేకంగా కార్డు తీసుకోవాలి, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. పెద్దలు ఎవరి కార్డు వాళ్లే గేటుకు తాకించాలి, ఒకే కార్డుతో ఇద్దరు పోలేరు. రైల్లో తినడం, తాగడం నిషేధం, 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా ఉంది, మంచినీళ్లు కూడా కుదరదు. అందుకే గేటు దాటే ముందు ఇద్దరికీ నీళ్లు తాగించి, మూత్రానికి తీసుకుపోయి, అప్పుడు లోపలికి నడవండి. నీళ్లు కొనాల్సిన పని లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు.

కారు పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త. 1.35 మీటర్ల లోపు ఎత్తున్నవాళ్లకు కారులో చైల్డ్ సీట్ ఉండాలని అక్కడి చట్టం. మామూలు టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. పిల్లల్ని చూసి డ్రైవర్ ఎక్కించుకోనంటే ఆయన తప్పు లేదు. యాప్‌లో పిల్లల సీటున్న కారును ఎంచుకోండి, లేదంటే టాక్సీ స్టాండుకు పోండి.

ఇప్పుడు సంచి. మన ఇళ్లలో అమ్మలు ముందు కట్టేది మసాలాలు, పచ్చళ్లు. గసగసాలు ససేమిరా వద్దు. అక్కడ వాటిని మత్తుపదార్థాల విభాగం చూస్తుంది. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి లాంటి మాంసం సరుకు కూడా వద్దు. చూయింగ్ గమ్ తీసుకుపోవడం 1992 నుంచి నిషేధం, పిల్లల బ్యాగులు మీరే ఒకసారి తడిమి చూడండి. దగ్గు మందుల్లో కొన్నిటిలో కోడీన్ అనే మత్తు కలిగించే మందు ఉంటుంది, దానికి అక్కడ ముందే అనుమతి కావాల్సి రావచ్చు. మీ పిల్లల డాక్టర్‌ను అడిగి కోడీన్ లేనిది రాయించుకోండి, చీటీ వెంట ఉంచండి. జ్వరం సిరప్, ఓఆర్‌ఎస్, థర్మామీటర్, దోమల క్రీము తప్పనిసరి. అక్కడ డెంగీ ఉంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ పిల్లలకు కూడా చేయించండి, వైద్యం ఖరీదు చాలా ఎక్కువ.

తిండికి నేను నమ్ముకున్నవి అటుకులు, వేయించిన రవ్వ, పెసరపప్పూ బియ్యమూ వేయించి దంచిన ఉగ్గు పొడి. హోటల్లో ఉండేవాళ్లకైనా వేన్నీళ్ల కెటిల్ దొరుకుతుంది, రెండు నిమిషాల్లో పిల్లాడి గిన్నె సిద్ధం. లావు మూడు పుల్లల ప్లగ్గు అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కన టెక్కా సెంటర్‌లో ఇడ్లీ, దోశ దొరుకుతాయి, పెరుగు ఆ వీధి కొట్లలోనే దొరుకుతుంది. తిన్న పళ్లెం మనమే తీసి పెట్టాలి, మా బిడ్డకు ఆ పని అప్పజెప్పితే చాలా ఇష్టంగా చేసింది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి పొద్దునో సాయంత్రమో పోండి, మధ్యాహ్నం మూస్తారు. అత్తమ్మకు అక్కడికి పోయినప్పుడే మనసు కుదుటపడింది. ఆదివారం సాయంత్రం మాత్రం లిటిల్ ఇండియాలో కాలు పెట్టే సందుండదు. సెలవు రోజని కూలీ పనుల నుంచి మనవాళ్లు, తమిళులు, బంగ్లా వాళ్లు అంతా అక్కడికే వస్తారు. అక్కడి ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం సందుల్లోకి కూడా పిల్లల్ని తీసుకుపోవద్దు. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది, పిల్లలు పడుకున్నాక ఒకరు ఇంట్లో ఉండి ఒకరు పోయి రండి.

ఒక చిన్న విషయం ఎవరూ చెప్పరు. చాలా బాత్రూముల్లో కాగితమే ఉంటుంది, నీళ్ల పైపు ఉండదు. ఖాళీ నీళ్ల సీసా ఒకటి వేరుగా దానికోసమే బ్యాగులో పెట్టుకోండి. మాల్స్‌లో పాలిచ్చే గదులు, బట్టలు మార్చే గదులు శుభ్రంగా ఉంటాయి, సిగ్గుపడకుండా వాడుకోండి. బయట ఉక్క, లోపల ఏసీ చలి. పల్చటి చున్నీ ఒకటి ఉంటే కప్పడానికీ, తుడవడానికీ, బండికి నీడ కట్టడానికీ అదే పనికొస్తుంది. మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన పడటం మామూలు. బండి తోస్తూ గొడుగు పట్టలేం, పిల్లలకు రెయిన్‌కోట్లే మేలు.

కాగితాలు: పసివాడికైనా సొంత పాస్‌పోర్ట్, సొంత వీసా. సింగపూర్ చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఒక్కొక్కరి పేరున అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అక్కడి ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం. డబ్బులడిగితే అది వేరే సైట్, బయటికి వచ్చేయండి.

తిరిగొచ్చే రోజు ఇంకేమీ పెట్టుకోకుండా మూడు, నాలుగు గంటలు ముందే చాంగీ ఎయిర్‌పోర్టుకు పోండి. జువెల్ అనే భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దూకుతుంటాయి. అది ఇమిగ్రేషన్‌కు ఇవతలే ఉంది, లోపలికి పోయాక చూడటం కుదరదు. సామాను ముందే ఇచ్చేసి పిల్లల్ని అక్కడ అలిసిపోయేదాకా ఆడనివ్వండి. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు నొప్పెట్టకుండా చిన్నోడికి పాల సీసా, పెద్దదానికి గుక్క గుక్కగా నీళ్లు. శంషాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా ఇంటికి రావడానికి కారును మీరు ప్రయాణమయ్యే ముందే మాట్లాడి పెట్టుకోండి. నిద్రపోయిన ఇద్దరు పిల్లల్ని, ఇన్ని సంచుల్ని పట్టుకొని బస్సు కోసం నిలబడటం కష్టం.