బెల్లం గడ్డకట్టడం లేదా? ముందు రసం ఎక్కడిదో చూడండి

హన్మకొండలో మా పెరట్లో నాలుగేళ్లుగా చలికాలంలో బెల్లం వండుతున్నాను. పొయ్యి దగ్గర బయటపడే తప్పుల్లో చాలావరకు రసం తెచ్చిన చోటే మొదలవుతాయి.

సమస్య: ఎంత మరిగించినా పాకం గట్టిపడదు. చల్లారాక జిగటగా సాగుతుంది.

కారణం: చెరుకు నరికి రోజులు గడిచాయి. నరికినప్పటి నుంచి గడలోని సుక్రోజు అనే చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంటుంది. గడ్డకట్టేది సుక్రోజే. నాలుకకు తీపి తగ్గినట్టు అనిపించదు, అందుకే మోసపోతాం.

మొదటి ఏడు సంక్రాంతి ముందు బజారులో కట్టలు కొన్నాను. గడలు నిగనిగలాడుతున్నాయి. నరికిన చోట మాత్రం ఎండి ఎర్రబడింది, ముక్కు దగ్గర పెడితే పులిసిన కల్లు వాసన. అయినా ఆడించాను. ముప్పై లీటర్ల రసానికి ఒక పూటంతా కట్టెలు తగలేస్తే చేతికి అంటుకునే పాకం మిగిలింది. ఆ రోజు చాలా బాధపడ్డాను.

పరిష్కారం: రైతుతో నేరుగా మాట్లాడుకోండి. నరికిన రోజే, మరీ తప్పకపోతే 24 గంటల్లోపు గానుగాడించాలి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక మెట్‌పల్లి, కోరుట్ల వైపు చెరుకు పెట్టేవాళ్లు తగ్గారు కాబట్టి నవంబరులోనే మాట తీసుకోవడం మంచిది. దూరం నుంచి తెచ్చేటప్పుడు రసం వద్దు, గడలే తెండి. రసం కొన్ని గంటల్లోనే పులుస్తుంది. గడల మీద చెరుకాకు కప్పి, నీళ్లు చల్లి, నీడలో ఉంచండి.

సమస్య: జ్యూస్ బండి దగ్గర తెచ్చిన రసంతో బెల్లం కుదరదు. రసంలో తీగలు సాగుతాయి.

కారణం: రోలర్లలో నిమ్మకాయ, అల్లం కూడా నలుగుతాయి. ఆ పులుపుతో మరిగితే సుక్రోజు ఇంకా వేగంగా విరుగుతుంది. తీగలు సాగుతున్నాయంటే కడగని రోలర్లలో బ్యాక్టీరియా చేరి చక్కెరను జిగురు చేసిందని అర్థం.

పరిష్కారం: పొద్దున్నే మొదటి గడ మనదే కావాలి. ముందురోజే చెప్పి, వేడినీళ్లతో రోలర్లు కడిగించండి. ఐస్ వద్దు, అది కరిగి నీళ్లే పెరుగుతాయి.

సమస్య: రసం చప్పగా ఉంది, బెల్లం తక్కువ వచ్చింది.

పండని చెరుకు. రసంలో తీపి ఎంతుందో అంకెలో చూపే, చేతిలో పట్టే బ్రిక్స్ మీటరు కొనుక్కోండి. గడ మొదట్లో, కొసన ఒక్కో చుక్క పిండి చూడండి. రెండూ దగ్గరగా వచ్చి, 18 దాటితే పండినట్టు. కొసను పశువులకు వేయండి. మంచి రసం 10 లీటర్లకు రెండు కిలోలకు కాస్త తక్కువ బెల్లం వస్తుంది. రసం ఉప్పగా ఉంటే అది చౌడు నేల గుణం. వంటలో పోదు, రైతును మార్చండి.

సమస్య: రసం నల్లబడుతోంది.

గాలి తగిలితే నల్లబడుతుంది, ఇనుప గిన్నెలో ఇంకా ఎక్కువ. స్టీలు గిన్నెలోకి వడకట్టి వెంటనే పొయ్యెక్కించండి. తెల్లగా కనబడాలని హైడ్రోస్ అనే రంగు పోగొట్టే రసాయనం మాత్రం వెయ్యకండి, పిల్లలు తినే బెల్లం అది. దంచిన బెండ కాండాన్ని నీళ్లలో నానబెట్టి, ఆ జిగురు పోస్తే మడ్డి పైకి తేలుతుంది. తీసేయండి.

గడలు కొనే ముందు ఒకదాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల ఎరుపు, మధ్యలో అడ్డంగా తెల్ల మచ్చలు ఉంటే ఎర్ర కుళ్లు తెగులు. ఆ మడిలోని చెరుకు రేటు తగ్గించినా తీసుకోకండి.