పేరు తీసేసి చదవండి
ఆన్‌లైన్‌లో ఇతరుల సమస్యలు పరిష్కరించడం: 3వ పాఠం

మొదటి పాఠంలో 1714 దగ్గర మొదలుపెట్టాం. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో చెప్పే పద్ధతికి బ్రిటన్ పార్లమెంటు 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. ఆకాశం చూసి లెక్కలు కట్టే పండితులు జవాబు చెబుతారని చాలామంది అనుకున్నారు. వడ్రంగి పని నుంచి గడియారాల పనికి వచ్చిన జాన్ హారిసన్ చెప్పాడు. రెండో పాఠంలో, 2001లో ఇలై లిల్లీ మందుల కంపెనీ చొరవతో మొదలైన ఇన్నోసెంటివ్ గురించి చదివాం. సంస్థలు తమకు తెగని సమస్యను బహుమతితో అందరి ముందు పెట్టే వెబ్‌సైట్ అది. అలా పెట్టిన సమస్యే ఛాలెంజ్. సమస్య ఉన్న సంస్థ సీకర్, జవాబు పంపే మనిషి సాల్వర్. ఈ మాటలు గుర్తుంటే చాలు, ముందుకు పోవచ్చు.

ఈ వారం నేర్చుకోవాల్సింది సమస్యను చదవడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది కానీ ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఛాలెంజ్ తెరుస్తారు. మొదటి లైన్లోనే ‘పాలిమర్’ అనో ‘ముడిచమురు’ అనో కనబడుతుంది. ‘ఇది మన సబ్జెక్టు కాదులే’ అని మూసేస్తారు. ఆ మూసేసే చేతిని ఆపడానికే ఈ పాఠం రాస్తున్నాను.

ఒక నిజమైన ఛాలెంజ్ తీసుకుందాం. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డీజ్ అనే ఓడ అలాస్కా తీరంలో నీటి కింది రాతిదిబ్బను గుద్దుకుంది. సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు సముద్రం పాలైంది. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ 1990లో చేసిన చట్టంతో, అలాస్కాలోని కోర్డోవా అనే చిన్న ఊళ్లో ఆయిల్ స్పిల్ రికవరీ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఆ సంస్థకు ఒక చిక్కు మిగిలిపోయింది. నీటి మీద తేలే చమురును ఎలాగో తోడి ట్యాంకుల్లోకి ఎత్తగలరు. కానీ అక్కడి చలికి ఆ చమురు గట్టిపడిపోతే ఇక పంపుతో బయటికి లాగలేరు. 2007లో ఆ చిక్కును ఇన్నోసెంటివ్‌లో పెట్టి 20,000 డాలర్ల బహుమతి ప్రకటించారు.

ఆ బహుమతి గెలిచిన మనిషి ఇల్లినాయిస్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉండే కెమిస్ట్ జాన్ డేవిస్. అలాస్కాకు వేల మైళ్ల దూరం. ఆయనకు తెలిసింది కాంక్రీటు. కలిపిన కాంక్రీటును అదురుతూ ఉండేలా చేస్తే అది త్వరగా బిగుసుకోదు, నీళ్లలా పారుతుంది. ఆ అదిరించే పరికరాన్నే చమురు ట్యాంకులకు వాడవచ్చని రాసి పంపాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. మన దగ్గర స్లాబ్ వేసే రోజు పక్కన నిలబడి చూసినవాళ్లకు ఇది కొత్త విషయమా? వైబ్రేటర్ గొట్టాన్ని దించగానే, కుప్పగా పడి ఉన్న మాల్ ఒక్కసారిగా జారి, ఇనుప కడ్డీల సందుల్లోకి సర్దుకుంటుంది. గొట్టం తీసేస్తే మళ్లీ కదలదు. నూజివీడులోనో నిజామాబాద్‌లోనో ఇరవై ఏళ్లుగా స్లాబులు పోస్తున్న మేస్త్రీకి ఇది చేతికి తెలిసిన సంగతి. ఆ ప్రశ్న ఆయన దగ్గరికి రాలేదు. వచ్చినా ఇంగ్లిష్‌లో, చమురు సమస్య అనే పేరుతో వచ్చేది. ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మీకు ఇంగ్లిష్ చదవడం వచ్చి, ఆ మేస్త్రీ మీకు తెలిసినవాడైతే, మీ ఇద్దరూ కలిస్తే ఒక సాల్వర్ అవుతారు. చాలా ఛాలెంజ్‌లకు టీముగా కూడా పంపవచ్చు.

ఇది ఒక్క అదృష్టవంతుడి కథేనా అనే అనుమానం రావడం సహజం. కాదు. లార్స్ బో జెప్పెసెన్, కరీం లఖానీ అనే ఇద్దరు పరిశోధకులు ఇన్నోసెంటివ్‌లో పెట్టిన 166 సమస్యలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. అవి 26 సంస్థల ల్యాబుల నుంచి వచ్చిన సమస్యలు. సుమారు 30 శాతానికి బయటివాళ్ల దగ్గర జవాబు దొరికింది. ఇంకా ముఖ్యమైన సంగతి, సాల్వర్ రంగం సమస్య రంగానికి ఎంత దూరమైతే గెలిచే అవకాశం అంత పెరిగింది. అంటే ‘ఇది మన సబ్జెక్టు కాదు’ అనేది మూసేయడానికి కారణం కాదు. కొన్నిసార్లు అదే తెరవడానికి కారణం.

అయితే దూరంగా ఉన్నంత మాత్రాన జవాబు రాదు. సమస్యకు, మీకు తెలిసిన పనికి మధ్య వంతెన కట్టాలి. నేను చేసే పద్ధతి చెబుతాను. ఛాలెంజ్‌లో ఆ రంగానికి చెందిన మాటలన్నీ పెన్సిలుతో కొట్టేస్తాను. వాటి బదులు ఆ వస్తువు ఏం చేస్తోందో, ఏం చేయడం లేదో మాత్రమే మామూలు మాటల్లో రాస్తాను. అలాస్కా సమస్యను ఇలా తిరగరాస్తే: ‘ఒక చిక్కటి పదార్థం ఉంది. చలిలో కదలకుండా ఉంటే గట్టిపడుతోంది. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పారించాలి.’ అంతే. చమురు పోయింది, అలాస్కా పోయింది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇదే ఇబ్బంది ఇంకెవరికి రోజూ ఉంటుంది?

మన నేల మీద ఒకటి చేసి చూద్దాం. గుంటూరు జిల్లాలో మిర్చి రైతులు కాయలు కోసి కళ్లాల్లో ఆరబోస్తారు. అకాల వర్షం పడితే కాయ తడిసి రంగు పోతుంది, మచ్చ వస్తుంది, రేటు పడిపోతుంది. పట్టాలు కప్పి ఉంచేద్దామంటే లోపల చెమ్మ పెరిగి బూజు పడుతుంది. ఇందులో మిర్చి, రైతు, కళ్లం అనే మాటలు కొట్టేయండి. మిగిలేది ఇది: ‘చాలా వెడల్పుగా పరిచిన వస్తువు. తడి తగలకూడదు. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే కొద్ది నిమిషాల్లో కప్పాలి, వెలిసిన వెంటనే తీయాలి. తక్కువమందితో చేయాలి.’

ఈ పని రోజూ చేసేవాళ్లు ఎవరు? నాకు వెంటనే తట్టింది క్రికెట్ గ్రౌండ్ సిబ్బంది. మబ్బు పట్టగానే చక్రాల మీద కవర్లు తోసుకొస్తారు, పెద్ద షీట్లను రోలర్‌కు చుట్టి ఉంచుతారు, నీరు పక్కకు జారేలా వాలు పెడతారు. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకూ వాన భయమే. పచ్చి ఇటుక ఆరబెట్టే బట్టీలవాళ్లదీ అదే టెన్షన్. వీళ్లలో ఎవరి పద్ధతీ ఉన్నదున్నట్టు మిర్చి కళ్లానికి సరిపోకపోవచ్చు. ఖర్చు లెక్క వేరు, నేల వేరు. కానీ ఇప్పుడు మీ దగ్గర ముగ్గురు మనుషుల అనుభవం ఉంది, పది నిమిషాల క్రితం లేదు.

మాటలు కొట్టేసేటప్పుడు ఒక జాగ్రత్త. షరతులను మాత్రం కొట్టేయకండి. నేను మొదటిసారి పంపిన జవాబు అందుకే తిరిగొచ్చింది. పరికరం కరెంటు లేకుండా పనిచేయాలని ఆ ఛాలెంజ్‌లో స్పష్టంగా రాసి ఉంది. నేను ఐడియా ఊపులో పడి చిన్న మోటారు పెట్టాను. రెండు వారాల శ్రమ ఆ ఒక్క లైను దగ్గర పోయింది. అప్పటి నుంచి తప్పనిసరి షరతులను విడిగా ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి దాని పక్కన నా జవాబు రాస్తాను. ఖాళీ మిగిలితే పంపను.

‘ఇంతకుముందు ప్రయత్నించినవి’, ‘మాకు వద్దనుకున్నవి’ అనే భాగాలు ఉంటే వాటిని రెండుసార్లు చదవండి. సీకర్ ఎక్కడ విసిగిపోయాడో అక్కడే తెలుస్తుంది. జవాబు ఏ రూపంలో కావాలో కూడా చూడండి. కొందరికి రెండు పేజీల ఆలోచన చాలు, కొందరికి లెక్కలతో పూర్తి డిజైన్ కావాలి, కొందరు పనిచేసే నమూనానే అడుగుతారు. చేతిలో ల్యాబ్ లేనివాళ్లు మొదటి రకంతో మొదలుపెట్టడం మంచిది.

గడువు గురించి ఒక్క మాట. సినిమాలు సిఫారసు చేసే తన పద్ధతిని 10 శాతం మెరుగుపరిచినవాళ్లకు 10 లక్షల డాలర్లిస్తామని నెట్‌ఫ్లిక్స్ 2006లో ప్రకటించింది. దాదాపు మూడేళ్ల పోటీ తర్వాత, 2009లో రెండు టీముల ఫలితాలు అసలు పరీక్షలో సమానంగా వచ్చాయి. బహుమతి 20 నిమిషాలు ముందు పంపిన టీముకు వెళ్లింది. మీరు చివరి రోజు రాత్రి దాకా ఆగకండి.

ఇక ఈ వారం అభ్యాసం. గుంట మగ్గం మీద నేసేవాళ్ల ఇళ్లలో వానాకాలం గుంటలోకి నీళ్లు ఊరుతాయి. కాళ్లు పెట్టుకునే చోటే నీళ్లు నిలిస్తే పని ఆగిపోతుంది, ఆ రోజుల కూలి పోతుంది. మగ్గం, నేత, చేనేత అనే మాటలు వాడకుండా ఈ సమస్యను ఐదు వాక్యాల్లో తిరగరాయండి. కింద, ఇదే ఇబ్బంది రోజూ పడే మూడు వేరే పనులవాళ్ల పేర్లు రాయండి. వీలైతే వాళ్లలో ఒకరి దగ్గరికి నిజంగా వెళ్లి, ‘మీరేం చేస్తారు?’ అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ చేతిలో ఆ కాగితం ఉంటేనే 4వ పాఠం మొదలుపెట్టండి. జవాబు రాసి పంపడం, బహుమతితో పాటు ఆ ఆలోచన మీద హక్కులు ఎవరికి పోతాయో అగ్రిమెంటులో చూసుకోవడం అందులో నేర్చుకుంటాం.