నత్తి ఉన్నా, ఆటిజం ఉన్నా స్టేజీ మీద కవిత చదవాలంటే

ముందే నిర్వాహకులకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, నాకు టైమ్ ఎక్కువ కావాలి, లైటు కళ్ళలో పడకూడదు, కూర్చునే చదువుతా అని. మొహమాటం అస్సలొద్దు, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మాట ఇబ్బందులు కూడా ఉన్నాయి.

నత్తి ఉంటే మూడు నిమిషాల స్లాట్‌కి రెండు నిమిషాల కవితే తీసుకెళ్ళండి, మాట ఆగిన చోట ఆగనివ్వండి, ఆ ఆగడం కూడా కవితలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతా, ఎవరైనా మాట అందించబోతే వద్దని ముందే చెప్పేయండి.

చూపు లేనివాళ్ళు బ్రెయిలీ కాగితం వేళ్ళతో చదవొచ్చు, లేదంటే లాప్‌టాప్‌లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌విడిఎ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, ఫ్రీనే, తెలుగు కూడా చదువుతుంది, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో లైను వింటూ లైను చెప్పడమే, కాకపోతే లైన్లు చిన్నవిగా విడగొట్టుకుని ఇంట్లో బాగా ప్రాక్టీస్ చేయాలి.

మాట అస్సలు రాని రోజైతే? రికార్డ్ చేసిన ఆడియో వేయించి, పక్కనే నిలబడండి.