పాత పిట్ట బొమ్మ దొరికితే ముందు మైదా గిన్నె పక్కన పెట్టండి

నెల్లూరు చిన్నబజారులో పటాలు కట్టడం నా పని. ముప్పై ఏళ్ళయింది. వచ్చేవి ఎక్కువగా దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు. ఒకరోజు కావలి నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు చీర అట్టపెట్టెలో వడ్రంగి పిట్ట బొమ్మ తెచ్చారు. వాళ్ళ నాన్నగారు ఎప్పుడో మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నారట. "పాతదేనా, క్యాలెండర్ కాయితమా? చూసి చెప్పు నాయనా" అన్నారు. ఆయనకు చూపించినట్టే మీకూ చెబుతాను.

తెలిసిన కంసాలిని అడిగి పది రెట్లు చూపించే భూతద్దం తెచ్చుకోండి. చేతులు కడుక్కుని, బాగా ఆరాక, పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. రంగు ఉన్న చోట అద్దం పెట్టండి. సన్నటి చుక్కలు ముగ్గు పెట్టినట్టు వరసగా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ మెషీన్ అచ్చు, ఈ కాలంది. పాతకాలంలో రాతి పలక మీద బొమ్మ గీసి, దాన్నుంచి కాయితానికి అచ్చు తీసేవారు. చుక్కలు గరుగ్గా, అడ్డదిడ్డంగా ఉంటే పాతదే కావచ్చు గానీ రంగు కూడా అలా రాతి మీంచే అచ్చయింది. అసలు చుక్కలే లేకుండా రంగు నీళ్ళలా పరుచుకుని, అంచున కాస్త చిక్కబడి ఉంటే కుంచె పని.

మేష్టారి బొమ్మలో తల మీది ఎరుపు నల్లగీత దాటి వెంట్రుకవాసి బయటికి పోయింది. ఇలాంటి బొమ్మలకు ఆ రోజుల్లో గీతలు మాత్రమే అచ్చయ్యేవి. రంగులు వేసేవాళ్ళు ఒక నమూనా ఎదురుగా పెట్టుకుని ఒక్కో కాయితం చేత్తో దిద్దేవారు. అందుకే ఒకే బొమ్మ రెండు కాపీలు పక్కపక్కన పెడితే అచ్చం ఒకేలా ఉండవు. తర్వాత బొమ్మను ఏటవాలుగా పట్టుకుని కన్ను చూశాం. నల్లగుడ్డు మీద తడి ఆరనట్టు చిన్న మెరుపు. అది బంక, మన తుమ్మబంక లాంటిదే. ముదురు రంగులకు, కళ్ళకు జీవం రావడానికి పైన పూసేవారు. ఆ మెరుపు చూసి మేష్టారు కాసేపు మాట్లాడలేదు.

ఒక జాగ్రత్త. పాత నలుపు తెలుపు బొమ్మలకు ఈమధ్య రంగులు వేసి అమ్ముతారు. కాయితం మీది గోధుమరంగు మచ్చల పైన రంగు కూర్చుని ఉంటే అనుమానించండి.

ఇక కింది అంచు అక్షరాలు. పేరు పక్కన "డెల్" అని ఉంటే గీసినవారు, "లిత్" అంటే రాయి మీదికి ఎక్కించినవారు, "స్కల్ప్" అంటే అచ్చు కోసం లోహపు రేకు మీద చెక్కినవారు. మేష్టారి బొమ్మ కింద ఇ. గౌల్డ్ అని, అచ్చువేసిన హల్‌మాండెల్ పేరు ఉన్నాయి. ఇ అంటే ఎలిజబెత్. 1830ల మొదట్లో జాన్ గౌల్డ్ వేసిన హిమాలయ పక్షుల పుస్తకంలో 80 బొమ్మలు రాతి మీద గీసింది ఆయన భార్యే. లండన్‌కు వచ్చిన పిట్ట చర్మాలు చూసి గీసింది. 1841లో, 37 ఏళ్ళకే పోయింది. పుస్తకం పేరు చెప్పగానే అందరూ ఆయననే తలుచుకుంటారు, నాకది బాధగా ఉంటుంది. ఆ పుస్తకంలో కొన్ని కాపీలకు పిట్టకే రంగు ఉంటుంది, కొమ్మ తెల్లగా ఉంటుంది. లోపం అనుకుని దానికి రంగు వేయించకండి.

మన ఊరికీ ఈ విద్యతో చుట్టరికం ఉంది. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డాన్, ఇక్కడి యానాదులను అడిగి జంతువుల సంగతులు తెలుసుకున్నాడు. 1843 నుంచి 1847 దాకా మద్రాసులో 50 పక్షి బొమ్మల పుస్తకం వేశాడు. బొమ్మలు గీసినవాళ్ళలో మనదేశపు చిత్రకారులున్నారు. కడప అడవుల్లో 1986లో మళ్ళీ కనబడ్డ కలివికోడికి ఇంగ్లీషులో ఈయన పేరే. ఇలాంటి పాత పుస్తకాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ బొమ్మను వాటితో పోల్చుకోండి.

పటం కట్టేటప్పుడు దయచేసి అతికించకండి. కొత్తల్లో నేను ఒక పాత కొంగ బొమ్మను మైదా, మైలుతుత్తం కలిపిన జిగురుతో హార్డ్‌బోర్డుకు అంటించాను. రెండు కార్తీకాల వానలకు బొమ్మంతా గోధుమరంగు తేలింది. తీయబోతే పొరలుగా చిరిగింది. ఆ ఇంటివాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు యాసిడ్ లేని మౌంట్ బోర్డు, అంటే బొమ్మ వెనక, చుట్టూ పెట్టే అట్ట, చెన్నై నుంచి తెప్పిస్తాను. పైఅంచున రెండు చోట్ల మాత్రం జపాన్ కాయితపు పట్టీ, గోధుమ గంజి. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ మందం ఉండాలి. టేపు వద్దు, ఫెవికాల్ వద్దు, కాయితానికి ఆనేలా వేపాకు కూడా వద్దు, మరక దిగుతుంది. ఎండ పడే గోడ, వానకు చెమ్మెక్కే గోడ రెండూ వదిలేసి, పటం వెనక గాలి ఆడేలా మూలలకు చిన్న కార్కు ముక్కలు పెట్టండి. మేష్టారి వడ్రంగి పిట్ట ఇప్పుడు వాళ్ళ నడవాలో, వాళ్ళ నాన్నగారి ఫొటో పక్కన ఉంది.